గుంపులో మామ

మొన్న మా మనవరాలు ఫోనులో కొత్త సినిమా పెట్టి, "చూడవ్వా, ఎంత జనమో!" అంది. కోట ముందు ఇసుక వేస్తే రాలనంత గుంపు. నేను కళ్ళజోడు సర్దుకునేలోపు కోటా లేదు, గుంపూ లేదు, ఇంకేవో మంటలు. ఎందుకింత తొందర, వెనకాల ఎవరైనా తరుముతున్నారా? పైగా ఆ జనం మనుషులే కారట, కంప్యూటరులో పుట్టించారట. మా మేనత్త సినిమాకు వెళ్ళేదే గుంపును చూడటానికి.

యాభైల నాటి మాట. అత్త భర్త, అంటే మా మామ, తిరుత్తణిలో కొండకొచ్చేవాళ్ళకు పూజాసామాన్లు అమ్మే అంగడి మూసేసి, వేషాల పిచ్చితో మదరాసు వెళ్ళిపోయాడు. స్టూడియోలో గుంపులో నిలబడుతున్నాడని ఒకసారి కబురొచ్చింది, తర్వాత అదీ లేదు. అత్త కొండమెట్ల కింద ఉన్న మా ఇంటికి వచ్చేసింది. మనిషి ఉన్నాడో లేడో తెలియక, ఆమె బొట్టు గురించి పెద్దవాళ్ళు గుసగుసలాడేవారు. టూరింగ్ టాకీసుకు అరవ బొమ్మ వచ్చినా తెలుగు బొమ్మ వచ్చినా అత్త నన్ను తోడు తీసుకుని బయల్దేరేది. ఆడవాళ్ళ వైపు ఇసుకలో ముందు వరస మాది. హీరోయిన్ ఏడుస్తుంటే చుట్టూ అందరూ ముక్కులు చీదేవారు, అత్త చూపు మాత్రం హీరోయిన్ వెనకాల నిలబడ్డవాళ్ళ మీద ఉండేది. అప్పట్లో కెమెరాకు కదలాలంటే బద్ధకం. ఆ పుణ్యమా అని ఒక్కో మొహాన్నీ వెతుక్కోవడానికి వీలుండేది.

ఒకరోజు సంత సీనులో అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూటల పక్కన, నున్నటి గుండుతో, మామ. బతికే ఉన్నాడని సంబరపడుతుందనుకున్నాను. ఇంటికి రాగానే గుమ్మంలోనే కూలబడింది. మా ఊళ్ళో గుండుకు ఒకటే అర్థం మరి.

"కొండకొచ్చి మొక్కు తీర్చుకోని పోయినాడు, అన్నా. మెట్ల కిందనే ఉండాను గదా, తొంగి కూడా చూడలే," అంది మా నాయనతో.

వేషం కోసం గీయించి ఉంటారని నాయన ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. దేవుడికి కాక ఇంకెవరికోసమైనా మగవాడు జుట్టిస్తాడంటే నమ్మలేదు. బొట్టు తీయలేదు, సినిమాలు మాత్రం మానేసింది. మామ రానే లేదు. అత్త పోయేదాకా ఆ కోపం పోలేదు, నాకు మాత్రం ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ పాత బొమ్మను కూడా మనవరాలే ఫోనులో వెతికి పెట్టింది. రంగులద్దారు. సంత సీను దగ్గర ఆపమన్నాను. గుండు మనిషి కదలకుండా నిలబడ్డాడు. మామ మొహం ఎలా ఉండేదో నాకు గుర్తు రాలేదు. ఎంతసేపైనా ఆపి చూసుకునే కాలం వచ్చేసరికి, చూసి పోల్చుకోగలిగిన మనిషే లేకుండా పోయింది.