టకటక మావయ్య ఉకులేలే బేరం

మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. చెక్క కనపడితే తట్టకుండా ఉండలేడు. తలుపు, బల్ల, బెంచీ, ఏదైనా సరే. రోగిని చూడ్డానికి వెళ్తే ముందు మంచాన్ని పలకరించి, తర్వాత మనిషిని పలకరిస్తాడు. వేలు మడిచి కణుపుతో టకటకమని కొట్టి, "నిఖార్సు" అనో "ప్లైవుడ్డు" అనో తీర్పు చెప్పేస్తాడు. ఆయన దెబ్బకి ఎదురింటి గుమ్మంలోని చెదపురుగులు పిల్లాపాపలతో ఊరు ఖాళీ చేశాయని మేనల్లుడు ప్రచారం చేశాడు. చదువు మధ్యలో చుట్టేసి ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్న ఆ మేనల్లుడి మాటల్లో సగం తీసేసినా ఇంకో సగం అబద్ధమే మిగులుతుంది.

ఆరేళ్ల కిందట మొదలైందీ పిచ్చి. పోస్టాఫీసులో ముద్రలు గుద్దీ గుద్దీ చెయ్యి ఊరుకోవడం మానేసిందని అందరూ సరిపెట్టుకున్నారు. నలుగురూ కూర్చున్నచోట మాట మధ్యలో ఆయన టక్కుమనిపిస్తే నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం కొట్టుకొచ్చి కౌంటరు తట్టాడు. "ప్లైవుడ్డు."

"రోజూ చెప్పాలా మావయ్యా? మారిపోతుందా?"

"మీ అత్తకి ఉకులేలే కావాల్రా. ఆన్‌లైన్లో చూడు. నిఖార్సు చెక్కది."

ఉకులేలే అంటే గిటారుకి బుల్లి చెల్లెలు. నాలుగే తీగలు, చంకలో ఇమిడిపోతుంది. పసిపిల్లల బడిలో గిటారుతో పాటలు నేర్పే అత్తయ్య, ఇక మొయ్యలేనని, నెలాఖరుకి మానేస్తానని ఉన్నట్టుండి ప్రకటించింది. ఈలోగా ఆవిడ ఒళ్లో ఉకులేలే పెట్టి మనసు మార్పించాలని మావయ్య పంతం. పన్నెండు రోజులే గడువు.

మేనల్లుడు ఫోన్లో బొమ్మ చూపించాడు. మావయ్య తట్టాడు. ఇంకెక్కడ తడతాడు, బొమ్మ మీదే!

"అయ్యో, ఆగు మావయ్యా! నువ్వు తట్టినప్పుడల్లా ఒకటి బుట్టలో పడుతోంది. పదకొండయ్యాయి!"

"చప్పుడు రావట్లేదేరా?"

"అది అద్దం!"

చేసేదిలేక అమ్మేవాళ్లకి ఫోన్లు మొదలుపెట్టారు. మొదటి కొట్టులో అమ్మాయికి ఎంత ఓపికో.

"కొంచెం ఆ వాయిద్యాన్ని తట్టి వినిపిస్తావా తల్లీ?"

టక్ టక్.

"అది నీ బల్లమ్మా. ఒక కాలు వదులుగా ఉంది, చూసుకో."

అవతల ఏదో కిర్రుకిర్రుమంది. "నిజమేనండీ, ఊగుతోంది," అంది పాపం.

రెండో కొట్టువాడు నిజాయితీగా ఉకులేలేనే తట్టాడు. మావయ్య కళ్లు మూసుకున్నాడు. "ముందు పలక నిఖార్సు. వెనకది ప్లైవుడ్డు. వద్దు."

"వెనక పలక ఎవరు చూస్తారు మావయ్యా? అది గుండెకే కదా ఆనేది!"

"అందుకేరా," అన్నాడు మావయ్య.

తొమ్మిదో కొట్టులో ముసలాయన ముందూ వెనకా పక్కలూ తట్టి వినిపించాడు. అడక్కుండానే వాయిద్యం మధ్యలోని గుండ్రటి కన్నం అంచు ఫొటో కూడా పంపాడు. పైనున్న చెక్క గీతలే అంచు మందంలోనూ కనపడుతున్నాయి, పొరలు లేవు. మావయ్య మొహం వెలిగిపోయింది. "ఇదీ!"

గడువుకి రెండు రోజుల ముందు పెట్టె వచ్చింది. మేనల్లుడు దాన్ని మోసుకుని మావయ్యతో వాళ్లింటికెళ్లాడు. అత్తయ్య వెనుదిరిగి బల్ల దగ్గర కూరగాయలు తరుగుతోంది.

"అత్తయ్యా!" పలకలేదు. "అత్తయ్యోయ్!" వీధిలో కుక్క పలికింది. అత్తయ్య పలకలేదు.

మావయ్య బల్ల అంచుని రెండుసార్లు తట్టాడు. అత్తయ్య చటుక్కున తిరిగి, "ఎప్పుడొచ్చావురా?" అంది. జుట్టు కింద దాగుండే చెవి మిషను కూరగాయల పక్కన బల్ల మీద ఉంది.

మేనల్లుడు మిషను వంకా, మావయ్య వేలి వంకా చూశాడు. దెబ్బ అదురు చేతికి అందేలా నిఖార్సు చెక్కే తప్ప ఆ ఇంట్లో ప్లైవుడ్డు ముక్కైనా ఎందుకు లేదో, నలుగురిలో ఎవరైనా అత్తయ్యని వెనకనుంచి పలకరించగానే మావయ్యకి పిచ్చి ఎందుకు లేస్తుందో, అన్నీ వరసగా తట్టాయి.

"మిషనులో మాటలు బాగానే ఉంటాయిరా," అన్నాడు మావయ్య. "పాటే దోమ పాడినట్టుంటుందట. అందుకే మానేస్తానంది."

అత్తయ్య ఆయన పెదాల వంకే చూస్తోంది. ఉకులేలే అందుకుని గుండెకి ఆనించుకుంది. ఒక తీగ మీటింది. ఇంకోటి మీటింది. నాలుగోసారికి బిరడా తిప్పి శ్రుతి సరిచేసింది. తర్వాత బడిలో నేర్పే కప్పల పాట మొదటినుంచి చివరిదాకా వాయించేసింది.

"వెనక పలక బాగుంది," అంది. "ఎల్లుండి బడికి తీసుకెళ్తా. రాజీనామా కాయితం చింపెయ్యండి." అంతలో కళ్లు చిట్లించింది. "అంటే, వీడికి నా గుట్టు చెప్పేశారన్నమాట! ఇక ఊరంతా పొక్కుతుంది."

"నేను చెబితే ఎవరు నమ్ముతారత్తయ్యా?" అన్నాడు మేనల్లుడు.

"అదీ నిజమే." అత్తయ్య మిషను చెవిలో పెట్టుకుంటూ లెక్క చెప్పింది. "చూడరా, రెండు కొడితే ఇటు చూడమని. మూడు కొడితే టీ కావాలని. ఒకటి కొడితే తప్పయిందని. ఆ ఒకటి మాత్రం ఆరేళ్లలో ఒక్కసారీ వినపడలేదు."

మావయ్య గొంతు సవరించుకుని, బల్లని ఒక్కసారి తట్టాడు.

అత్తయ్య ఉకులేలే తీగలు తుడుచుకుంటూ ఏమీ విననట్టు కూర్చుంది.

మావయ్య మళ్లీ తట్టాడు.