నీళ్లు తాగితే పొలమారేది

ఆ శుక్రవారం డ్యూటీ లేదు. గల్ఫ్‌లో, మెసైమీర్‌లోని మా గదిలో అన్నం తిని నీళ్లు తాగుతుంటే పొలమారింది. కళ్లల్లో నీళ్లు తిరిగేలా దగ్గాను. పక్కన కూర్చున్న శ్రీను నా నెత్తిమీద తట్టి నవ్వాడు.

"అన్నా, ఇంటికాడ వదినె యాది జేస్తుంది."

శ్రీనుది మా జగిత్యాల వైపే. ఆహారనాళం క్యాన్సర్‌కు నాకు కీమో, రేడియోథెరపీ ఇచ్చినన్నాళ్లూ జావ కాచి పోసింది అతనే. రేడియేషన్ వల్ల ఛాతీలో మంట పుట్టి ఉమ్మి కూడా మింగలేకపోయాను. ఆ మంట తగ్గి, మళ్లీ మెత్తటి అన్నం దిగుతున్న రోజులవి. గండం గడిచిందనుకున్నాం.

మర్నాడూ పొలమారింది. ఇక రోజూ అదే తంతు. గదిలో అందరూ అదే పాట అందుకున్నారు, "వదినె మల్ల యాది జేసింది!" అని. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు బాగుండేది. ఇంటిమీద బెంగతో ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఓసారి నా భార్య లక్ష్మికి ఫోన్ చేసి అడిగాను కూడా, "ఇప్పుడు నన్ను తల్సుకున్నవా?" అని.

"నాకేం పని లేదా? నాట్లు పడుతుంటే నిన్ను తల్సుకుంట కూసుంటనా?" అని కసిరింది.

తర్వాత చలిజ్వరం పట్టుకుంది. ఏసీ గాలి పడలేదనుకుని గోలీలు వేసుకున్నాను. గోలీ మింగడానికి తాగిన నీళ్లకూ దగ్గే. ఆయాసంతో మాట రాకపోతే శ్రీను నన్ను టాక్సీలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ హిందీలో అడిగింది. "దగ్గు ఎప్పుడొస్తుంది?"

"నీళ్లు తాగినప్పుడే."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

ఏం చెప్పను? నా పెళ్లాం తలుచుకుంటోందనుకున్నానని చెప్పనా?

ఎక్స్‌రేలో తెల్లగా కనబడే కాంట్రాస్ట్ మందు మింగిస్తూ ఎక్స్‌రే తీశారు. స్క్రీన్ మీద తెల్లటి గీత కిందికి దిగుతూ, మధ్యలో చీలి ఊపిరితిత్తుల వైపు పోయింది.

"ఫిస్టులా," అంది డాక్టరమ్మ. "గడ్డ కరిగిన చోట ఆహారనాళం గోడ పల్చబడి శ్వాసనాళంలోకి రంధ్రం పడింది. రేడియేషన్ తర్వాత కొందరికి ఇలా అవుతుంది. నువ్వు తాగిన నీళ్లు లంగ్స్‌లోకి పోతున్నాయి. అందుకే ఈ నిమోనియా."

"బతుకుతానా మేడమ్?"

"ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి. నోటితో చుక్క నీళ్లు కూడా వద్దు."

కడుపులోకి పైపు వేసి ఫీడ్ పోసేవారు. కడుపు నిండేది, నాలుక మాత్రం పిడచకట్టుకుపోయేది. పక్క మంచం ఆయన మజ్జిగ తాగుతుంటే అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఏడ్చాను కూడా, దాచడం ఎందుకు! జ్వరం తగ్గాక ఎండోస్కోపీ చేసి రంధ్రానికి అడ్డంగా స్టెంట్ అనే గొట్టం పెట్టారు. కొన్నాళ్లకు అది జారి దగ్గు మళ్లీ మొదలైంది. ఈసారి ఆ పూటే చెప్పాను. ఇంకోటి పెట్టారు.

టెస్టులో లీకు లేదన్నాక నర్సు చిన్న కప్పులో నీళ్లిచ్చింది. శ్రీను పక్కనే నిలబడ్డాడు. అతని చేతిలోని ఫోన్‌లో, వీడియో కాల్‌లో లక్ష్మి. ఒక్క గుక్క మింగి ఆగాను. దగ్గు రాలేదు.

"ఏందయ్యా, పొలమారలే?" లక్ష్మి ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"లేదు. నన్ను తల్సుకుంటలేవా ఏంది?"

"పొద్దంత నిన్నే తల్సుకుంటున్న," అని భోరుమంది.

ఇప్పుడు కంపెనీ స్టోర్‌లో కూర్చుని చేసే పని చేస్తున్నాను. స్టెంట్ లోపలే ఉంది, చెకప్‌లు ఉన్నాయి, భయమూ ఉంది. పిసికిన అన్నం నిటారుగా కూర్చుని నెమ్మదిగా తింటాను. ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకు చెప్పేది ఒక్కటే: నీళ్లు తాగినప్పుడల్లా దగ్గు వస్తుంటే ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. నెత్తిమీద తట్టేవాళ్లను తట్టనివ్వండి. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లమని వాళ్లనే అడగండి.