తెల్లమచ్చలకు నేను చెప్పిన పేరు

నిన్న తుంపర పడగానే మా కాలేజీ వేపచెట్టు దగ్గర తడిసిన బెరడు వాసన వచ్చింది. మాను మీది బూడిదరంగు మచ్చలు చూస్తుండగానే పచ్చబడ్డాయి. నాకు వృక్షశాస్త్రం చెప్పిన కృష్ణవేణి మేడం గుర్తొచ్చారు.

లైకెన్ అంటే బూజూ పాచీ కలిసి చేసే కాపురం అనేవారావిడ. నెల్లూరులో మమ్మల్ని మైపాడు బస్సెక్కించి, ఇసుక దిబ్బల మీది తుప్పల్లో, సరుగుడు తోపుల్లో తిప్పేవారు. సున్నం చిందినట్టు బెరడుకు అతుక్కునేవి ఒక రకం, ఆకుల్లా అంచులు లేచేవి మరో రకం. చూడగానే పేరు చెబితే మాత్రం ఆవిడకు ఒళ్ళుమంట. "నీళ్ళు చిలకరించు. భూతద్దం పెట్టు. అప్పటికీ తెలియకపోతే తెలియదని రాయి" అనేవారు. నాకేమో క్లాసులో ఫస్టు వస్తానని పొగరు. తెలియదనడం నామోషీ.

ఒకసారి మేడం వెనకబడ్డప్పుడు, దిబ్బ పక్కన ఉండే పోలమ్మ నన్ను పిలిచి తన చెట్ల మానులు చూపించింది. పడవలు వేటకు పోని నెలల్లో వాళ్ళిల్లు నడిచేది మూడు జీడిమామిడి చెట్ల కాపుతోనే.

"ఏందిమ్మా ఈ తెల్లమచ్చలు? తెగులా?"

"తెగులే అక్కా. గీకించేయండి" అన్నాను, భూతద్దం సంచిలోంచి తీయకుండానే.

పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళాం. రెండు మానులను ఒకవైపు గీకారు. మూడోదాన్ని చుట్టూరా, లోపలి చెక్క కనబడేదాకా కత్తితో చెక్కేశారు. బంక కారుతోంది. మేడం నన్ను తిట్టలేదు. "లైకెన్ చెట్టును తినదని నీకు తెలుసు. ఆవిడకు నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. "చదువుకునే పిల్లవి గదా అని నమ్మినానమ్మా" అంది పోలమ్మ. మేడం ఆవిడ చేతులు పట్టుకుని, "తప్పు నాదమ్మా, దీనికి నేర్పింది నేనే" అన్నారు. అప్పుడు ఏడుపాగలేదు నాకు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

రెండు చెట్లు తేరుకున్నాయి. మూడోది ఎండిపోయింది. ఏటా పూత కాలంలో మేడం, నేనూ వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. ఆవిడ పోయాక నేనొక్కదాన్నే వెళ్తున్నాను.

ఈ ఏడు పోలమ్మ కొత్తగా ఎదిగిన చెట్టు మీది మచ్చొకటి చూపించి, "ఇదేందో చూడమ్మా" అంది. ఇన్నేళ్ళలో మళ్ళీ అడగడం అదే మొదటిసారి. చూడగానే తెలిసిపోయింది, లైకెనే. అయినా ఇసుకలో కూర్చుని, తడిపి, అద్దం పెట్టి చాలాసేపు చూశాను.

"ఏం కాదక్కా, చెట్టు బాగుంది" అన్నాను.

పోలమ్మ వెంటనే తలూపలేదు. నా చేతిలోని అద్దం తీసుకుని, తనూ వంగి చూసింది.