మద్దిలేటి గొంతు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు కాలేజీ చదువుకొచ్చాడు మద్దిలేటి. పొద్దు పొడవకముందే పుస్తకం పట్టుకుని, అద్దెకున్న ఇంటి వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ గట్టిగా చదువుతాడు. జొన్నచేలో పిట్టలను తోలిన గొంతు అది. ఊరి బడిలో ఆ గొంతుకే మొదటి మార్కు వచ్చేది. ఇల్లుగలామె కన్యకమ్మకు అది వింటేనే తెల్లవారినట్టు.

ఒకరోజు చరిత్ర లెక్చరరు అతనివైపు చేయి చూపి, ఫ్రాన్సులో జనం రాజు మీద ఎందుకు తిరగబడ్డారని అడిగాడు. మద్దిలేటి లేచి పాఠం మొదటి వాక్యం అందుకున్నాడు. నాలుగో పేజీలో ఉన్న జవాబు దగ్గరికి అతనికి వేరే దారి తెలియదు. "మొదట్నుంచి వద్దు. కారణం చెప్పు," అన్నాడు లెక్చరరు. తెగిన చోటు దొరక్క, మళ్లీ మొదటి వాక్యానికే వెళ్లాడు. వెనక బెంచీలో ఎవడో నవ్వాడు. మూడోసారి ఆ వాక్యం కూడా రాలేదు. "పుస్తకం మూసి, ఆ జనానికి ఏం కష్టమొచ్చిందో ఆలోచించు. రేపు నీ మాటల్లో చెప్పాల," అన్నాడు లెక్చరరు.

మర్నాడు తెల్లవారినా వసారాలో చప్పుడు లేదు. కన్యకమ్మ చేతిలో చెంబు అక్కడే పెట్టి గబగబా వచ్చింది. మద్దిలేటి మూసిన పుస్తకం మీద రెండు చేతులూ అదిమిపెట్టి, నుదుట చెమటతో గోడకేసి చూస్తున్నాడు.

"ఏందప్పా, జరమొచ్చిందా? గొంతే ల్యాకపాయె!"

"లేదవ్వా," అన్నాడు అతను చూపు తిప్పకుండా. "చదువుకుంటాండా."