బెల్టు కోసం వాదించిన రోజు

ఎనభైల చివర్లో నేను గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ప్లానింగ్ ఆఫీసులో ఇంజనీరుగా పనిచేసేదాన్ని. కమాన్‌పూర్ వైపు నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే కొత్త ఓపెన్‌కాస్ట్ గని తెరవబోతున్నారు. లోపలి బొగ్గును పైకి తేవడానికి డీజిల్‌తో నడిచే డంపర్ లారీలు కొనాలా, కరెంటుతో నడిచే కన్వేయర్ బెల్టు వేయాలా అన్నది తేలలేదు. మా గని ప్లాను చూసి, దేశంలోని కొత్త గనులన్నిటికీ ఒక విధానం ఖాయం చెయ్యడానికి ఢిల్లీ నుంచి ప్రభుత్వ కమిటీ వచ్చింది.

బెల్టే కావాలని పట్టుబట్టింది మా పెద్దసారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో మా తెలుగు మాట్లాడే మనిషి. సరిగ్గా మీటింగు రోజే ఆయన గొంతు పోయింది. "నువ్వే మాట్లాడు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని గుసగుసగా చెప్పి నన్ను ముందుకు పంపారు.

కమిటీ పెద్దాయనది కోస్తా వైపు. "డంపర్లయితే పని తొందరగా మొదలవుతుంది. డీజిల్‌కేం కరువమ్మా?" అన్నారు. అప్పట్లో నిజంగానే కరువు లేదు. భయంతో నేను తయారు చేసుకొచ్చిన ఇంగ్లీషంతా మర్చిపోయాను. ఇంట్లో మాట్లాడినట్టే నోటికొచ్చింది.

"డీజిల్ సముద్రం దాటి రావాలె సార్. అక్కడెవరో కొట్లాడుకుంటే ఓడలు ఆగుతయి. మా డంపర్లు ఆగుతయి, బొగ్గు ఆగుతది, రామగుండంల కరెంటు ఆగుతది. మన కాళ్ల కింది బొగ్గు పైకి తెచ్చుకునేటందుకు పరాయి దేశం దిక్కు ఎందుకు చూడాలె?"

"మరి బెల్టు తెగితే?"

"అతికిస్తం సార్. మనోళ్లే అతికిస్తరు. ఓడల దారి తెగితే మనం అతికించలేం గద!"

ఆయన పెద్దగా నవ్వారు. "ఈ మాట ఢిల్లీలో నేను చెబుతాను" అన్నారు. చెప్పారు కూడా. వీలున్న ప్రతి కొత్త గనిలో బెల్టే వేయాలని నిర్ణయమైంది. మొదటిది మాదే.

బెల్టు తిరగడం మొదలైన కొన్నాళ్లకే కువైట్ మీద ఇరాక్ దాడి చేసింది, అక్కడి నుంచి చమురు రావడం ఆగింది. పెద్దపల్లి బంకుల ముందు లారీలు బారులు తీరాయి. మా పక్కింటావిడ తమ్ముడు కువైట్‌లోనే ఉన్నాడు. అతను క్షేమంగా ఇల్లు చేరేదాకా మా వాడకట్టులో ఎవరికీ అన్నం సయించలేదు. గనులకు డీజిల్ కోటా తగ్గించారు. చాలాచోట్ల డంపర్లు నిలబడిపోయాయి. మా దగ్గర మాత్రం వచ్చిన కాస్త డీజిలూ మట్టి నెట్టే డోజర్లకు సరిపోయింది. బొగ్గు ఆగలేదు.

ఒకరోజు ఢిల్లీ నుంచి ఆ కమిటీ పెద్దాయన ఫోను. "అమ్మా, నడుస్తోందా?"

"నడుస్తున్నది సార్. ఒక్క షిఫ్టు గూడ ఆగలే."

"ఇక్కడ మీ గని పేరే చెప్పుకుంటున్నాం" అన్నారు. ఆ గొంతులో గర్వం నాకు స్పష్టంగా వినిపించింది.

ఆ సాయంత్రం గని గట్టు మీదికి వెళ్లాను. అడుగు నుంచి బొగ్గు నల్లటి వాగులా పైకి పారుతోంది. ఉండబట్టలేక చప్పట్లు కొట్టేశాను. డ్యూటీ దిగి వస్తున్న ఆపరేటరు ఆగి, "ఏమైందక్కా?" అన్నాడు.

"గెలిచినం తమ్మీ" అన్నాను.