బావమరిది చేతులు

మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది ఎదురుగా ఆడిస్తున్నా ఆయనకు కనిపించదు. మెకానిక్‌గా మంచివాడే, ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. మనుషుల రోగాలు కూడా అలాగే చెప్పేస్తాడు, అక్కడే వచ్చింది చిక్కు.

నా తమ్ముడు రాళ్ల క్వారీకి కూలీలను జీపులో తీసుకెళ్తాడు. గుంతల దారిలో బండి అడుగు రాళ్లకు తగులుతోందంటే మా ఆయన పొడుగు స్ప్రింగులు వేసి జానెడు ఎత్తు లేపాడు. లేపాక దూరంగా నిలబడి చాలాసేపు చూసుకున్నాడు.

మర్నాడే తమ్ముడు వచ్చాడు.

"బావా, గుంత తగిలితే బండి తనంతట తనే పక్కకు లాగుతోంది."

"బండి లాగదురా. నీ చేతులు వణుకుతున్నాయి."

"లేదు బావా."

"ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అన్నారా?"

అయినా ఎందుకైనా మంచిదని, స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు మరీ ఏటవాలుగా ఉందని, దాని పై కొసను కిందికి దించాడు. బండి ఇంకా ఎక్కువ లాగింది. దాంతో మా ఆయనకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తప్పు చేతులదే. టీ కొట్టులో కూడా అదే చెప్పాడు.

కొన్నాళ్లకు తమ్ముడి చేతులు నిజంగానే వణకడం మొదలుపెట్టాయి. డాక్టరు ఏమీ లేదన్నాడు. తమ్ముడు నమ్మలేదు. బావ అంత గట్టిగా చెప్పాక డాక్టరు మాటకు విలువేముంది? కూలీలు ఒక్కొక్కరే వేరే బండి చూసుకున్నారు. చివరికి జీపు అమ్మేస్తానన్నాడు. బండి నడపడం తప్ప వాడికి ఇంకో పని రాదు. ఆ రోజు నాకు మా ఆయన మీద వచ్చిన కోపం అన్నం విసురుగా వడ్డించినా తీరలేదు.

కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు. ఈలోగా కింద ఆయిల్ కారుతోందేమో చూద్దామని మా ఆయన ముందు భాగం కింద జాకీ పెట్టాడు. చేతి బ్రేకు పట్టడం లేదు కాబట్టి తమ్ముడిని సీట్లో కూర్చుని బ్రేకు తొక్కమన్నాడు.

"స్టీరింగ్ మాత్రం ముట్టుకోకు."

తమ్ముడు బుద్ధిగా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నేను టీ గ్లాసులతో పక్కనే నిలబడ్డాను. జాకీ లేచేకొద్దీ బండి లేచింది, స్టీరింగ్ తనంతట తనే తిరిగింది.

కింద రాడ్డు కదలడం చూసి మా ఆయన అరిచాడు. "ముట్టుకోవద్దన్నానా!"

"ఎక్కడ ముట్టుకున్నాను బావా? చేతుల మీద కూర్చున్నాను."

"అబద్ధం."

"అబద్ధం కాదండీ, నేను చూస్తున్నాను. జాకీ దించండి," అన్నాను.

దించాడు. స్టీరింగ్ వెనక్కి తిరిగింది. మళ్లీ ఎత్తమన్నాను. మళ్లీ తిరిగింది.

మా ఆయన చీపురు కర్ర అడిగి కిందికి దూరాడు. ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునే అడ్డ రాడ్డు ఇంకోటి ఉంటుంది. అదీ స్టీరింగ్ రాడ్డూ ఒకే వాలులో ఉండాలి. ఎత్తు లేపాక రెండూ ఏటవాలై బండి కాస్త లాగుతుంటే, ఈయన ఒకదాన్ని దించి రెండోదాన్ని వదిలేశాడు. బండి ఎగిరినప్పుడల్లా ఒకటి ఇటు లాగితే ఇంకోటి అటు లాగి చక్రాన్ని తిప్పేస్తున్నాయి. చీపురు కర్ర ఒకదానికి ఆనించి చూస్తే రెండోది ఎంత తేడాగా ఉందో నాకే తెలిసిపోయింది. ఆయన మాత్రం చాలాసేపు బయటికి రాలేదు. టీ చల్లారిపోయింది.

కొనేవాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. అడ్డ రాడ్డు పై కొసను కూడా దించి బ్రాకెట్టు వెల్డింగ్ చేశాడు. ఈసారి జాకీ ఎత్తినా స్టీరింగ్ కదల్లేదు. తాళంచెవి తమ్ముడికిచ్చి పక్కన కూర్చున్నాడు, నేను వెనక ఎక్కాను. మొదటి గుంతలో బండి పక్కకు లాగలేదు. రెండో గుంతలోనూ అంతే. స్టీరింగ్ మీద తమ్ముడి చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

మా ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆ ముఖం చూస్తే నా కోపం పోయి ఏడుపొచ్చింది.

"టీ కొట్టు దగ్గర ఆపరా," అన్నాడు.

దిగి, కొట్టు నిండా జనం ఉండగా గట్టిగా చెప్పాడు. "వీడి చేతులకేం లేదు. మద్దెల ఓడు చేసింది నేనే."

కొట్టతను గ్లాసు అందిస్తే తమ్ముడు పుచ్చుకున్నాడు. సగం టీ చొక్కా మీద ఒలికింది.

మా ఆయన కొట్టతని మీదికి లేచాడు. "చిల్లు గ్లాసు ఇస్తావేంటయ్యా!"