తుపాకులు లోపల పెట్టేదాకా

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మేమంతా కాకా అని పిలిచిన జగిత్యాల ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కే ముందు ఆకాశం చూసేవాడు. మేం పెళ్లి గుడారాలకు దీపాలు కట్టేవాళ్లం. అక్కడ కొందరు సంబరంగా గాలిలోకి తుపాకులు పేల్చేవారు. చట్టం కూడదంటుంది, అడిగేవాడు మాత్రం పెళ్లికి రాడు. అలా పైకి పోయిన గుండొకటి కిందికొచ్చి మావాడొకడి భుజంలో దిగింది.

తర్వాతి పెళ్లిలో కాకా నిచ్చెన పక్కన చతికిలబడ్డాడు. "తుపాకులు లోపల వెడితెనే ఎక్కుత" అన్నాడు.

సౌదీలకే కొలువులంటూ నితాఖత్ చట్టం వచ్చి, వీసా ఇచ్చి పని చేయించుకునే కఫీల్‌లు చిన్న సాకుకే పరాయివాళ్లను పంపేస్తున్న రోజులవి. నిరసన ఊరేగింపే నేరమైన చోట ఊరికే కూర్చోవడమూ తెగింపే.

"కాకా, కఫీల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతడే" అన్నాడు ఒకడు.

"తోలనీ. పెట్టెల పోవుడుకన్న నడిచి పోవుడు నయం."

"రాసిపెట్టి ఉంటే యాడున్నా తప్పదు గదనే?"

"రాసినోడు తుపాకి పట్టిండారా?"

మేమూ కూర్చున్నాం. గుడారంలో చీకటి పడుతోంది. కఫీల్ అరిచాడు, బెదిరించాడు. చివరికి పెళ్లికొడుకు తండ్రే వచ్చి తుపాకులన్నీ తన జీపులో పెట్టించి తాళం వేయించాడు. మేం లేచాం. కాకా మాత్రం లేవకుండా చెయ్యి చాచాడు.

"తాళంచెవి నాకియ్యమనుండ్రి. లైట్లు ఇప్పినంక ఇస్త."